రేకుల మీద గీసిన దారి

విమానం నుంచి తీసిన ఫోటోలో సిమెంటు రేకుల కప్పు, సిమెంటు దారి ఒకే రంగులో కనిపిస్తాయి. రెండూ బూడిద రంగే. రెండింటి అంచులూ తిన్నగానే ఉంటాయి. తేడా చెప్పవలసింది నీడ. కప్పుకు ఎత్తు ఉంటుంది గనుక పక్కన నీడ పడుతుంది. దారికి ఆ అవకాశం లేదు. ఫోటో మిట్టమధ్యాహ్నం తీసినదైతే ఆ సాక్ష్యం కూడా దొరకదు. అటువంటప్పుడు పటం గీసే మనిషి చేయదగిన మర్యాదైన పని ఒక్కటే: తెలియదని రాయడం.

ముప్ఫై నాలుగేళ్ళ సర్వే ఉద్యోగంలో ఈ మాట నేను కొన్ని వందలమందికి చెప్పి ఉంటాను. అందరికంటె ఎక్కువ ఓపికగా చెప్పింది నా మేనల్లుడికి.

మా అక్కయ్య పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. ఆ తరువాత మా ఇంట్లోనే పెరిగాడు. సెలవు రోజుల్లో నా బల్ల పక్కన ఎత్తు స్టూలు వేసుకుని, ట్రేసింగు కాగితం పరుచుకుని, నా పాత పటాల మీద గీతలు దిద్దేవాడు. స్వయంగా గీసిన మొదటి పటం మా ఇంటిదే. అందులో వంటగది ఇంటిలో సగం ఉంది. కొలత తప్పిందిరా అంటే, అత్తయ్య ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా మామయ్యా అన్నాడు. నా భార్య ఆ మాటను ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పేది. నేను మాత్రం ఆ కాగితం చించి, టేపు చేతికిచ్చి, మళ్ళీ కొలిపించాను.

పెద్దవాడై సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాడు. పట్టణాల పాలకసంఘాలు ఇచ్చే ఆకాశ ఫోటోలను కంప్యూటరు తెర మీద పెట్టుకుని, ఇళ్ళు, దారులు, కాలువలు గీసి పటంగా తయారుచేసి ఇవ్వడం వాళ్ళ పని. ఫర్నిచరు దుకాణం పైన మూడో అంతస్తులో పొడవాటి గది. తెరల మీద వెలుతురు పడకుండా కిటికీలకు ముదురు రంగు పరదాలు. ఎనిమిదిమంది యువతీ యువకులు వరుసగా కూర్చుని, తాము ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్ళను పొద్దుటినుంచి సాయంత్రం దాకా గీస్తూ ఉండేవారు. గీసినదాన్ని సరిచూడడానికి అనుభవం గల మనిషి కావాలని వాడు మా ఇంటికి వచ్చి అడిగాడు. రిటైరై పదహారేళ్ళయిన నన్ను ఒక పనికి పిలిచినవారు అప్పటికి ఎవరూ లేరు. వెంటనే ఒప్పుకున్నాననడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గాని, జరిగింది అదే.

ఒక షరతు మాత్రం పెట్టాను. ఏది ఏమిటో ఫోటోను బట్టి తేలనిచోట నేను ఎర్రగా ఒక సున్నా చుడతాను. ఎందుకు తేలలేదో పక్కన రాస్తాను. మనిషి ఆ ఊరు వెళ్ళి కళ్ళతో చూసి వచ్చేదాకా ఆ షీటు గడప దాటకూడదు. మీరు చెప్పినట్టే మామయ్యా, అన్నాడు. ఆ మాట మీద, ఉద్యోగంలో ఏనాడూ చేయని పని చేశాను. వందల షీట్ల మీద చేత్తో సంతకం పెట్టడం కష్టమని వాడంటే, కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని ఫోటో తీసుకోనిచ్చాను. ఆ ఫోటో వాడి కంప్యూటరులో ఉండేది. సర్వీసులో ఉండగా నా రబ్బరు స్టాంపును కూడా బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాణ్ణి.

ఆ గదిలో నాకు సున్నాల మాస్టారని పేరు పెట్టారు. నేను మెట్లెక్కి వచ్చే చప్పుడు వినబడితే, ఇక మనకందరికీ సున్నా మార్కులే అని ఎవరో ఒకరు అనేవారు. నాకు వినబడుతుందని వాళ్ళకు తెలుసు. నేను విననట్టు నటించేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

నలభై ఏడో నంబరు షీటు ఒక చిన్న పట్టణానిది. మా ఊరినుంచి రైలులో అయిదు గంటల ప్రయాణం. గీసిన అమ్మాయి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. మార్కెట్టు వీధినుంచి కాలువగట్టు దాకా ఒక తిన్నని దారి గీసి ఉంది. నాకు అనుమానం వచ్చి ఫోటోను పెద్దది చేయించి చూశాను. మార్కెట్టుకు ఆనుకుని ఉన్న దారి, పట్టపగలు; దాని మీద ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు. నీడ చూద్దామంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

"ఇది దారి అని ఎలా అన్నావమ్మా?"

"రెండు చివరలా దారులు వచ్చి ఆగిపోతున్నాయి కదండీ. మధ్యలో దారి లేకపోతే అవి ఎటు పోతాయి?"

ఈ వృత్తిలో సాధారణంగా జరిగే పొరపాటే అది. తెర మీద రెండు గీతలు ఎదురెదురుగా ఆగితే, వాటిని కలపకుండా చేయి ఊరుకోదు. ఊళ్ళో నడిచిన మనిషి మాత్రం గోడ దాకా వెళ్ళి ఆగిపోయే దారులు ఎన్నో చూసి ఉంటాడు. ఆ అమ్మాయికి ఇదంతా చెప్పి, ఆ గీత చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కనా, నా అనుమానాల జాబితాలోనూ ఇలా రాశాను: 'దారియో, కప్పో నిర్ధారణ కాలేదు. మనిషి వెళ్ళి చూడవలెను.'

ఆ తరువాత నాలుగు నెలలకు ఒకరోజు ఉదయం, నేను పత్రిక చదువుతూ వరండాలో కూర్చుని ఉండగా, యాభయ్యేళ్ళ మనిషి ఒకామె గేటు తీసుకుని వచ్చింది. చేతివేళ్ళకు ఎండిన జిగురు అంటుకుని ఉంది. నా పేరు అడిగి, నేనే అని తెలుసుకున్నాక, సంచిలోనుంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. నీలం రంగు అట్ట, గుడ్డ వీపు, శుభ్రమైన కుట్టు. తెరిచి చూస్తే లోపల పదకొండు నోటీసులు.

"విడివిడిగా ఉంటే పోతాయని కుట్టానండి. మాది బైండింగు పని," అంది.

పదకొండు నోటీసులదీ ఒకే పాఠం. ప్రజల దారిని ఆక్రమించి కట్టిన గదులను వచ్చే శనివారంలోగా ఖాళీ చేయవలెను. అభ్యంతరములున్నచో గురువారంనాడు విచారణకు హాజరై తెలుపుకొనవలెను. ఆధారం: పటము, షీటు నంబరు నలభై ఏడు. వెనక పటం నకలు జతపరిచారు. దాని మీద ఆ దారి నల్లగా, నిండుగా, అనుమానానికి తావు లేకుండా ఉంది. అడుగున 'క్షుణ్ణముగా పరిశీలించి సరిచూడబడినది' అనే వాక్యం. దాని కింద నా సంతకం.

ఎర్ర సున్నా లేదు.

తాను పోట్లాడడానికి రాలేదని ఆమె చెప్పింది. పటం గీసినవారిని అడిగితే ఏదో తెలుస్తుందని ఎవరో అన్నారట. ఆఫీసుకు వెళితే, పైకి రానివ్వకుండా మెట్ల దగ్గరే మా ఇంటి అడ్రసు ఇచ్చి పంపారట. గదులు తన మామగారి కాలంనాటివట. కాగితాలున్నాయి గాని వాటిలో కొలతలు లేవట. ఇదంతా నెమ్మదిగా, వరుసగా చెప్పి, చివరికి ఒక్క మాట అడిగింది: "అక్కడ దారి ఉందని మీరు ఎలా చూశారండీ?"

నేను చుట్టిన సున్నా సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూశాను. ఇంటి విషయం పరాయి మనిషి ముందు పెట్టడం నాకు చేతకాదు. గురువారం విచారణకు వస్తానని, అంతా సరిచేస్తానని మాట ఇచ్చాను. నా భార్య ఆమెకు టీ ఇచ్చి, గేటు దాకా వెళ్ళి సాగనంపింది.

ఆ మధ్యాహ్నమే మూడో అంతస్తుకు వెళ్ళాను. ఆ రోజు ఎవరూ మార్కుల మాట ఎత్తలేదు. మేనల్లుడు తన గదిలో ఉన్నాడు. పటం నకలు వాడి ముందు పెట్టి, సున్నా ఏదని అడిగాను. జవాబు కోసం వాడు వెతుక్కోలేదు.

"సున్నాలున్న షీటును వాళ్ళు తీసుకోరు మామయ్యా. వాళ్ళ ఫారంలో దారి అని ఒక గడి ఉంది, ఇల్లు అని ఒక గడి ఉంది. తెలియదు అనే గడి లేదు."

"అందుకని దారి అన్నావు."

"నేననలేదు. ఆ అమ్మాయి గీసింది. నేను సున్నా తీశానంతే."

"మరి నా సంతకం?"

"మీరు చూసిన షీటే కదా అది. చూడలేదా మీరు?"

ఈ ఒక్క షీటులోనే తీశావా అని అడిగాను. వాడు తల వంచుకుని బల్ల మీది కలాన్ని అటూ ఇటూ దొర్లించాడు. నేను వెళ్ళడం మొదలుపెట్టిన మొదటి నెలనుంచీ తీస్తున్నాడట. పద్నాలుగు నెలలపాటు వారానికి మూడు రోజులు మెట్లెక్కి, భూతద్దం పట్టుకుని, ఎరుపు చుట్టి, కారణాలు రాసి వస్తే, నేను మెట్లు దిగగానే అవన్నీ చెరిగిపోయేవన్నమాట. వాడి మాట మీద చెరిపింది బయట కూర్చున్న ఎనిమిదిమందే. ఆ గదిలో ఈ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

"అయితే నన్ను ఎందుకు పిలిచావురా?"

"మీ పేరుంటే షీటు మీద ఎవరూ ప్రశ్న వేయరు మామయ్యా. పాత అధికారులందరికీ మీరంటే గురి."

వాడు ఈ మాటను నాకు గౌరవంగా ఉంటుందనుకునే అన్నాడు. అదే నన్ను ఎక్కువగా కోసింది. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, చిన్నప్పుడు ఏదైనా కావాలంటే ఎలా అడిగేవాడో అదే గొంతుతో అడిగాడు. విచారణలో నేను పొరబడ్డానని ఒక్క మాట చెబితే అంతటితో తేలిపోతుందట. నేను రిటైరైన మనిషిని గనుక నాకు పోయేదేమీ లేదట. తనకైతే ఆఫీసు ఉంది, బయట ఎనిమిది కుటుంబాలున్నాయి. నేను లేచి, నకలు మడిచి జేబులో పెట్టుకుని, నా నోటితో అబద్ధం చెప్పించడం నీ తరం కాదని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. "మీరు వెళ్ళేసరికి వాడు భోంచేశాడా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి మాట మింగేశాను.

బుధవారం ఉదయం రైలుకే ఆ పట్టణం వెళ్ళాను. ఉద్యోగం మానేశాక టేపు పట్టుకుని ఒక చోటికి వెళ్ళడం అదే మొదటిసారి. మార్కెట్టు వీధిలో గిన్నెల దుకాణం పక్క సందు తిరిగితే, దారి సరిగ్గా ఒక గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడనుంచి కాలువ దాకా పదకొండు గదులు, అన్నింటి మీదా ఒకే పొడవాటి రేకుల కప్పు. చూరు చేతికి అందేటంత ఎత్తులో ఉంది. మధ్యాహ్నం మూడు గంటల ఎండలో దాని నీడ పక్క గోడ మీద మూరెడు వెడల్పున పడుతోంది. ఆ నీడను చూస్తూ కొంతసేపు అక్కడే నిలబడ్డాను. మనిషి వచ్చి చూసి ఉంటే అరనిమిషం పట్టేది.

గదుల్లో గడియారాలు బాగుచేసే అతను, కుంచెలు కట్టే అన్నదమ్ములు, కుట్టుమిషను పెట్టుకున్న అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. ముందు భాగంలో పని, వెనక భాగంలో కాపురం. ప్రతి తలుపు మీదా పాలకసంఘంవారు పసుపు రంగుతో అడ్డంగా గీత గీసి వెళ్ళారు. గడియారాలతను కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే నన్ను చూసి, "ఇరవయ్యేళ్ళనుంచి రోడ్డు మీద పడుకుంటున్నామన్న సంగతి మాకే తెలియలేదండి. మీరు చెప్పి మంచి పని చేశారు," అన్నాడు. నవ్వింది అతనొక్కడే.

బైండింగు ఆమె గదిలో కాగితాలు కోసే ఇనుప యంత్రం ఒకటి ఉంది. మనిషి ఎత్తు, పెద్ద చక్రం, కింద బరువైన కత్తి. దాన్ని మామగారు ముందు తెచ్చి దింపించి, తరువాత చుట్టూ గోడ కట్టారట. తలుపులోనుంచి బయటికి పట్టదు. గది పడగొడితే కప్పు ఆ యంత్రం మీదే కూలుతుంది. ముందుగా తీద్దామంటే తామే గోడ పడగొట్టుకోవాలి. పన్నెండు బడుల రిజిస్టర్లు ఆ యంత్రం మీదనే తయారవుతాయని, దాని మీదే ఇద్దరు పిల్లల్ని చదివించానని చెప్పింది. నేను గదులన్నీ కొలిచి, కాగితం మీద గీసుకున్నాను. మొదటి గది గడపనుంచి చివరి గోడ దాకా నలభై రెండు మీటర్లు.

గురువారం పదకొండు గంటలకు విచారణ. పాలకసంఘం భవనంలో మొదటి అంతస్తు, పొడవాటి బల్ల, అవతల పట్టణ ప్రణాళిక అధికారిణి. నలభయ్యేళ్ళు దాటి ఉండవు. చూపు సూటిగా ఉంది. బల్లకు ఇవతల బైండింగు ఆమె, గడియారాలతను, నేను. మా మేనల్లుడు అప్పటికే వచ్చి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నా సంచిలో నలభై ఏడో షీటుకు నేను రాసిన అనుమానాల జాబితా నకలు ఉంది. తేదీతో సహా, నా చేతిరాతతో. దాన్ని బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాలన్నదే నా నిశ్చయం.

గదులున్నాయని తనకు తెలుసునని, తానే వెళ్ళి చూశానని అధికారిణి చెప్పింది. అవి దారి మీద ఉన్నాయా, కాదా అన్నదే ప్రశ్న. పటం దారి అంటోంది. తాను పటాన్ని బట్టే పోవాలి. షీటు తయారుచేసినవారు ఏమంటారని అడిగింది.

నాకంటె ముందు మేనల్లుడు లేచాడు.

"మేడం, షీటును సరిచూసింది మామయ్యే. ఆయన అనుభవం మీద మాకు నమ్మకం. కాకపోతే వయసు డెబ్బయ్యారు. ఈ మధ్య చూపు కొంచెం తగ్గింది. మేం గమనించలేకపోయాం. అది మా తప్పే."

ఎంత వినయంగా అన్నాడంటే, గదిలో అందరూ నా వైపు జాలిగా చూశారు. అంతకు ముందు నెలలోనే కళ్ళ డాక్టరు నా చేత గోడ మీది బోర్డులో చివరి వరుస చదివించి మెచ్చుకున్నాడు. నన్ను డాక్టరు దగ్గరికి కారులో తీసుకువెళ్ళింది మా మేనల్లుడే.

నేను సంచి జిప్పు తీశాను. అధికారిణి చేయెత్తి ఆపి, మాట్లాడేముందు నిబంధన వినమంది. షీటు తప్పని సరిచూసిన మనిషే స్వయంగా ఒప్పుకుని సంతకం పెడితే, ఆ షీటు ఈ క్షణంలో రద్దవుతుంది. దాని మీద ఆధారపడిన నోటీసులు కూడా రద్దవుతాయి. అలా కాక, తయారీలో ఎవరో మోసం చేశారని ఫిర్యాదు వస్తే, అది పై కమిటీకి పోతుంది. కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది. ఈలోగా షీటు చెల్లుతూనే ఉంటుంది. శనివారం శనివారమే.

"కమిటీ తేల్చేదాకా ఆగలేరా?" అని అడిగాను.

"ఆపే అధికారం నాకు లేదండి. ఉంటే మిమ్మల్ని ఇంత దూరం రప్పించేదాన్ని కాదు," అంది.

మేనల్లుడికి ఈ నిబంధన ముందే తెలుసునని అప్పుడు అర్థమైంది. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొడుతున్నారు. వాడు నా వైపు చూడలేదు. వాడికి నా గురించి బాగా తెలుసు. ఎదుట మనిషి గోడ కూలుతుంటే నేను నా మాట పట్టుకుని కూర్చోనని తెలుసు. నేను పెంచిన మనిషి గనుకనే అంత కచ్చితంగా లెక్క వేయగలిగాడు.

సంచి జిప్పు వేశాను. కాగితం అడిగి తీసుకున్నాను. నలభై ఏడో నంబరు షీటులో రేకుల కప్పును దారిగా పొరబడి ధ్రువీకరించితిననియు, దానికి నా దృష్టిలోపమే కారణమనియు, ఇందులో ఇతరుల బాధ్యత లేదనియు రాశాను. ముప్ఫై నాలుగేళ్ళలో నా షీటు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. సంతకం ఈసారి చేత్తో పెట్టాను. అధికారిణి దాని మీద ముద్ర వేసి, పదకొండు నోటీసులున్న పుస్తకం తెరిచి, ఒక్కొక్క పేజీ మీదా 'రద్దు' అని రాసి తిరిగి ఇచ్చింది. ఇక మీదట నేను సరిచూసిన ఏ షీటునూ ఈ పాలకసంఘం స్వీకరించదని నెమ్మదిగా చెప్పి, నొచ్చుకోవద్దంది.

బయట వసారాలో గడియారాలతను నాకు దణ్ణం పెట్టి, గదుల దగ్గర కబురు చెప్పడానికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. బైండింగు ఆమె మాత్రం పుస్తకం గుండెకు హత్తుకుని నా ఎదుట నిలబడింది. వారం రోజులుగా పట్టుకుని ఉన్న భయం దిగిపోయాక ఆమెకు కోపం వచ్చింది. రావడం న్యాయమే.

"వారంనుంచి మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు పెద్దాయనా. కనబడనప్పుడు కనబడలేదని చెప్పొచ్చు కదా. తెలియనప్పుడు తెలియదని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?"

మేనల్లుడు నాలుగడుగుల దూరంలో, స్తంభం పక్కన ఉన్నాడు. ప్రతి మాటా వాడికి వినబడింది. వాడు ఏదైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అనకపోయినా కనీసం తల ఎత్తుతాడేమోనని చూశాను. వాడు ఫోను చెవిన పెట్టుకుని, కారు గేటు దగ్గరికి తెమ్మని డ్రైవరుతో చెబుతున్నాడు.

"రాయవలసిందమ్మా," అన్నాను. "తప్పే."

ఆమె కాసేపు నన్ను తేరిపార చూసింది. కోపం సగంలో ఆగిపోయినట్టుంది. మేనల్లుడు వచ్చి, రండి మామయ్యా, కారులో వెళ్దాం అన్నాడు. రైలుకు టికెట్టు ఉందని చెప్పాను. అది నిజమే. వాడు మరొకసారి అడగకుండా దిగి వెళ్ళిపోయాడు.

నేను మెట్ల వైపు తిరిగేసరికి ఆమె పుస్తకాన్ని చంకలో పెట్టుకుని నా పక్కకు వచ్చింది.

"ఆగండి. ఇక్కడ మెట్లు అరిగిపోయాయి. చేయి ఇవ్వండి, నేను దింపుతా."

మొత్తం పంతొమ్మిది మెట్లు. మూడోదాని అంచు పగిలింది. పదకొండో మెట్టు మీద ఎవరో పారేసిన బస్సు టికెట్టు ఉంది. దాని మీది అంకెలు కూడా పైనుంచే నాకు కనబడుతున్నాయి. ఆమెకు చేయి అందించి, ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ దిగాను.